మిణుకు ఆపిన అద్దం

కాలిఫోర్నియాలో పాలొమార్ కొండ మీద 200 అంగుళాల టెలిస్కోపు నిలబడడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1928లో డబ్బు మంజూరైంది. 1934లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు కంపెనీ దాని అద్దాన్ని పోతపోసింది. అరగదీసి నునుపు చేసే పని సగంలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. చివరికి 1949 జనవరి 26 రాత్రి ఎడ్విన్ హబుల్ ఆ టెలిస్కోపుతో మొదటి ఫొటో తీశాడు. అప్పటికి లోకంలో అంతకన్నా పెద్ద టెలిస్కోపు లేదు.

ఐదు మీటర్ల ఆ అద్దం ఆకాశంలో ఎంత సన్నని వివరాన్ని విడదీయగలదో లెక్క కడితే ఆర్క్ సెకనులో దాదాపు నలభయ్యో వంతు వస్తుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ భాగం. కానీ మామూలు రాత్రుల్లో పాలొమార్‌కు దక్కింది ఒక ఆర్క్ సెకను, కాస్త అటూ ఇటూగా. పది పదిహేను సెంటీమీటర్ల అద్దం ఉన్న చిన్న టెలిస్కోపు కూడా ఆ పాటి వివరం చూపిస్తుంది. పెద్ద అద్దం వెలుతురును ఎన్నో రెట్లు ఎక్కువ పోగుచేసింది, చాలా మసక గెలాక్సీలను అందుకుంది. స్పష్టతలో మాత్రం తన పెద్దరికం చూపలేకపోయింది.

తప్పు అద్దానిది కాదు, మధ్యలో ఉన్న గాలిది. వేడిగాలి, చల్లగాలి పొరలు పొరలుగా కలిసి కదులుతుంటే వాటిగుండా వచ్చే కాంతి అటూ ఇటూ వంగుతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద దూరాన ఉన్న మనిషి అలలాడుతూ కనిపించేదీ, రాత్రి నక్షత్రం మిణుకుమిణుకుమనేదీ ఒకే కారణంతో. న్యూటన్ ఈ సంగతి గుర్తించి, 1704లో అచ్చయిన తన ‘ఆప్టిక్స్’ పుస్తకంలోనే రాశాడు. నిశ్చలమైన గాలి దొరికే ఎత్తయిన కొండకొమ్మును వెతుక్కోవడం తప్ప ఆయనకు వేరే మందు తోచలేదు. రెండున్నర శతాబ్దాల పాటు ఎవరికీ తోచలేదు.

1953లో హోరేస్ బాబ్‌కాక్‌కు తోచింది. మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలల్లో పనిచేసే శాస్త్రవేత్త ఆయన. తండ్రి హెరాల్డ్ కూడా అక్కడే సూర్యుణ్ణి పరిశోధించాడు. గాలి మీద అలిగి లాభం లేదు, అది చేసే వంకరను ఎప్పటికప్పుడు కొలిచి, సరిగ్గా దానికి ఎదురు వంకరను అద్దంలో పుట్టిస్తే రెండూ చెల్లిపోతాయి కదా అన్నది ఆయన ఆలోచన. స్విట్జర్లాండ్‌లో పెద్ద తెర మీద టీవీ బొమ్మ వేయడానికి ఐడొఫోర్ అనే యంత్రం తయారైంది. అందులో ఎలక్ట్రాన్ల పుంజం సోకిన చోట పలచటి నూనె పొర ఉబ్బి బొమ్మను తీర్చుతుంది. అద్దం మీద అలాంటి నూనె పొర పరిస్తే కాంతిని క్షణక్షణం సరిదిద్దవచ్చని బాబ్‌కాక్ ఒక చిన్న వ్యాసంలో ప్రతిపాదించాడు. నాలుగేళ్ల తర్వాత సోవియట్ శాస్త్రవేత్త వ్లదిమీర్ లిన్నిక్ తనంతట తానుగా ఇంచుమించు ఇదే ఆలోచనకు వచ్చాడు. ఆయన అద్దాన్ని ముక్కలుగా చేసి ఒక్కో ముక్కను విడిగా కదిలించాలన్నాడు.

బాబ్‌కాక్ వ్యాసం రాసే రోజుల్లోనే, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువకుడు కార్నెగీ ఫెలోషిప్ మీద అవే వేధశాలల్లో పనిచేశాడు. పేరు వేణు బాప్పు. తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి కావడంతో పిల్లవాడు టెలిస్కోపుల నీడలోనే పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. దేశానికి తిరిగొచ్చాక పెద్ద టెలిస్కోపు కోసం దక్షిణాదిన చోటు వెతికి, తమిళనాడులో జవాది కొండల మధ్య కావలూరును ఎంచుకున్నాడు. చోటు ఎంపికలో అంత శ్రద్ధ ఎందుకంటే, అప్పటికి ఖగోళశాస్త్రవేత్త చేతిలో ఉన్న ఉపాయం అదొక్కటే. బాబ్‌కాక్ చెప్పింది ఇంకా కాగితం మీదే ఉంది. గాలి తీరు సెకనులో వందో వంతులో మారిపోతుంది. ఆలోపు కొలిచి, లెక్క కట్టి, అద్దాన్ని వంచగల యంత్రాంగం 1953లో ఎవరి దగ్గరా లేదు. అలాంటిది తయారుచేయాలంటే కావలసిన డబ్బు ఏ వేధశాల దగ్గరా లేదు.

ఆ డబ్బు మరో దారిలో వచ్చింది. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరింది. దాన్నీ, దాని వెనకాల వచ్చినవాటినీ కనిపెట్టుకుని ఉండడానికి అమెరికా ప్రపంచమంతటా పన్నెండు చోట్ల బేకర్-నన్ కెమెరాలు పెట్టింది. అందులో ఒకటి మన నైనితాల్‌లో ఉండేది. ఉపగ్రహం ఏ క్షణాన ఎక్కడుందో ఆ కెమెరాలు చెప్పేవి. అది ఎలా ఉందో, దానికి ఎన్ని రెక్కలున్నాయో, ఏ పని మీద తిరుగుతోందో చెప్పలేకపోయేవి. సైన్యానికి కావలసింది సరిగ్గా అదే.

అందుకోసం ఎంచుకున్న చోటు హవాయి దీవుల్లో, మౌయి దీవి తూర్పున ఉన్న హలేయకలా అగ్నిపర్వతం. శిఖరం మూడు వేల మీటర్లకు పైనే. మేఘాలు చాలా రోజులు కిందనే ఆగిపోతాయి, చుట్టూ సముద్రం కాబట్టి గాలి సాఫీగా వీస్తుంది. పరిగెత్తే సూర్యుణ్ణి మౌయి అనే వీరుడు ఉచ్చువేసి పట్టి నెమ్మదిగా నడిపించింది ఈ కొండ మీదనేనని స్థానిక హవాయీలు తరతరాలుగా చెప్పుకుంటారు. వాళ్లకు అది పూజనీయమైన చోటు. 1960లలో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పా డబ్బుతో, మిషిగన్ విశ్వవిద్యాలయం పర్యవేక్షణలో, అక్కడ గుమ్మటాలు లేచాయి. 1.6 మీటర్ల టెలిస్కోపు ఒకటి, 1.2 మీటర్ల జంట టెలిస్కోపు ఒకటి.

ఉపగ్రహాన్ని చూడడం నక్షత్రాన్ని చూడడం లాంటిది కాదు. నక్షత్రం రాత్రంతా ఉంటుంది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో కొద్ది నిమిషాల్లోనే ఆకాశం దాటేస్తుంది. భూమి మీద చీకటి ఉండి, పైన ఇంకా ఎండ పడుతున్న సంధ్యవేళల్లోనే అది బాగా మెరుస్తుంది. టన్నుల బరువున్న టెలిస్కోపు వణకకుండా దాని వెంట తిరగాలి. ఇంతా చేస్తే, 500 కిలోమీటర్ల ఎత్తులో ఒక ఆర్క్ సెకను అంటే దాదాపు రెండున్నర మీటర్లు. అంటే బస్సంత ఉపగ్రహం కూడా నాలుగైదు మసక చుక్కల వరసగా తేలిపోతుంది. గాలి అడ్డు తొలగిస్తే 1.6 మీటర్ల అద్దం అదే దూరంలో 20 సెంటీమీటర్ల వివరం చూపించగలదు. బాబ్‌కాక్ కాగితం సైన్యానికి ఎందుకు బంగారమైందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

వంకరను కొలిచే సాధనం ఆరిజోనాలో పుట్టింది. ఉపగ్రహాల ఫొటోలు బాగుపడే దారి చూడమని 1960ల చివర్లో వైమానిక దళం ఆరిజోనా విశ్వవిద్యాలయాన్ని అడిగింది. అక్కడి రోలండ్ షాక్ ఒక జర్మన్ పాత పద్ధతిని దుమ్ము దులిపాడు. 1900 ప్రాంతంలో పోట్స్‌డామ్‌లోని యొహానెస్ హార్ట్‌మన్, టెలిస్కోపు కటకం నాణ్యత తేల్చడానికి చిల్లుల పలకను అడ్డంపెట్టి, ఒక్కో చిల్లులోంచి వచ్చిన కాంతి ఎక్కడ పడుతోందో చూసేవాడు. షాక్ ఆ చిల్లుల స్థానంలో బుల్లి కటకాల వరసలు పెట్టాడు. గాలి కాంతిని కదిపితే ప్రతి కటకం కింద ఉన్న చుక్కా తన చోటు నుంచి జరుగుతుంది. ఏ చుక్క ఎటు జరిగిందో చూస్తే కాంతి ఎక్కడ ఎంత వంగిందో తెలిసిపోతుంది. ఇవాళ కంటి ఆస్పత్రుల్లో చూపులోని సూక్ష్మమైన లోపాలను కొలిచే యంత్రాల్లో ఉన్నదీ ఈ సాధనమే.

అద్దాన్ని వంచే పనిని మసాచుసెట్స్‌లోని ఐటెక్ కంపెనీ అందుకుంది. పైనుంచి కిందికి చూసే కొరోనా గూఢచారి ఉపగ్రహాలకు కెమెరాలు రూపొందించిన కంపెనీ అదే. ఇప్పుడు కిందినుంచి పైకి చూసే పని కూడా దానికే వచ్చింది. జాన్ హార్డీ నాయకత్వంలోని బృందం కరెంటు ఇస్తే మైక్రాన్ల లెక్కన సాగే పీజో పదార్థాన్ని పలచటి అద్దం వెనక అమర్చింది. 1973లో ప్రయోగశాలలో నడిచిన మొదటి యంత్రంలో అలాంటి కదిలించే బిందువులు 21. అది పనిచేసింది. 1982లో 168 బిందువుల యంత్రం హలేయకలా 1.6 మీటర్ల టెలిస్కోపుకు ఎక్కింది. నూనె పొరతో కాకపోయినా, బాబ్‌కాక్ ఊహ ముప్పై ఏళ్లకు ఇలా నిజమైంది. చిత్రం ఏమిటంటే, ఈ సంగతి అప్పట్లో ఖగోళశాస్త్రవేత్తల్లో చాలామందికి పూర్తిగా తెలియదు.

ఒక చిక్కు మిగిలింది. వంకర కొలవాలంటే కొలవడానికి సరిపడా వెలుతురు కావాలి. మెరిసే ఉపగ్రహానికైతే దాని కాంతే చాలు. మసకగా ఉన్నదాన్ని చూడాలంటే దాని పక్కనే ప్రకాశవంతమైన నక్షత్రం ఒకటి ఉండాలి. ఆకాశంలో చాలా భాగంలో అది ఉండదు. నక్షత్రం లేకపోతే మనమే ఒకటి పెట్టుకుందాం అనే సాహసం ఇక్కడ పుట్టింది. లేజర్ కాంతిని పైకి పంపి, గాలి అణువుల నుంచి వెనక్కి చెదిరి వచ్చిన వెలుగును నక్షత్రంగా వాడుకోవచ్చని జూలియస్ ఫైన్‌లీబ్ సూచించాడు. 1982 వేసవిలో కాలిఫోర్నియాలోని లా హోయాలో, రక్షణ శాఖకు సలహాలిచ్చే జేసన్ అనే శాస్త్రవేత్తల బృందం ముందుకు ఈ ఆలోచన వచ్చింది. గాలి చెదరగొట్టే వెలుగు పదీ ఇరవై కిలోమీటర్ల ఎత్తు నుంచే వస్తుంది, కాబట్టి పెద్ద టెలిస్కోపు గాలి మొత్తాన్నీ అది తడమలేదు. ఇంకా ఎత్తున ఏదైనా కావాలి.

సమాధానం విలియం హాపర్ దగ్గర ఉంది. సోడియం పరమాణువులతో ఏళ్ల తరబడి పనిచేసిన ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త ఆయన. ఉల్కలు కాలి రాలిన సోడియం భూమికి 90 కిలోమీటర్ల ఎత్తున పలచగా ఒక పొరగా ఉంటుంది. సోడియానికి నచ్చే పసుపు రంగుకు, అంటే 589 నానోమీటర్లకు, లేజర్‌ను శ్రుతి చేస్తే ఆ పొరలో ఒక చుక్క వెలుగుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ నక్షత్రం! విన్నవెంటనే రక్షణ శాఖ దీని మీద రహస్య ముద్ర వేసింది. హాపర్, గోర్డన్ మెక్‌డొనాల్డ్, క్లెయిర్ మాక్స్, ఫ్రీమన్ డైసన్ పేర్లతో ఆ లెక్కలు బహిరంగంగా ఒక శాస్త్ర పత్రికలో అచ్చయ్యేసరికి 1994 వచ్చింది.

లా హోయా సమావేశం జరిగిన మరుసటి ఏడాది, 1983 మార్చిలో, అధ్యక్షుడు రీగన్ క్షిపణులను ఆకాశంలోనే అడ్డుకునే పథకం ప్రకటించాడు. జనం దాన్ని స్టార్ వార్స్ అన్నారు. నేల మీది లేజర్‌తో అంతరిక్షంలోని లక్ష్యాన్ని కొట్టాలంటే ఆ పుంజాన్ని కూడా గాలి చెదరగొట్టకుండా ముందే సరిదిద్ది పంపాలి. దాంతో అడాప్టివ్ ఆప్టిక్స్‌కు, అంటే గాలి వంకరను అద్దంతో ఎప్పటికప్పుడు దిద్దే ఈ విద్యకు, డబ్బు వరదలా వచ్చింది. ఆ ఏడాదే న్యూ మెక్సికోలో, ఆల్బకర్కీ దగ్గరి వైమానిక స్థావరంలో స్టార్‌ఫైర్ అనే చోట రాబర్ట్ ఫ్యూగేట్ బృందం లేజర్ నక్షత్రంతో గాలి వంకరను కొలవవచ్చని రుజువు చేసింది.

1985 జూన్‌లో జరిగిన ఒక ప్రయోగం ఆ రోజుల హడావిడిని బాగా చూపిస్తుంది. డిస్కవరీ షటిల్ కిటికీలో ఒక చిన్న అద్దం పెట్టి, మౌయి కొండ మీది నుంచి లేజర్‌తో దాన్ని తాకాలి. కొండ ఎత్తును, దాదాపు పదివేల అడుగులను, షటిల్ కంప్యూటర్‌కు అందించారు. అది అడుగులను నాటికల్ మైళ్లుగా తీసుకుంది. పదివేల మైళ్ల ఎత్తున్న కొండను చూడడానికి షటిల్ బుద్ధిగా తన కిటికీని భూమికి ఎదురుగా, ఆకాశం వైపు తిప్పుకుంది. రెండు రోజుల తర్వాత అంకె సరిచేశాక లేజర్ తగిలింది.

అదే 1985లో రహస్యానికి పగులు పడింది. రెనో ఫోయ్, ఆంటోయిన్ లబేరీ అనే ఇద్దరు ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్తలు లేజర్ నక్షత్రం ఆలోచనను తమంతట తామే చేరుకుని ఒక శాస్త్ర పత్రికలో అచ్చువేశారు. వాళ్లకు అమెరికా సైన్యం ఫైళ్లతో ఏ సంబంధమూ లేదు. 1987లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన లెయిర్డ్ థాంప్సన్, చెస్టర్ గార్డ్‌నర్ హవాయిలోని మౌనా కేయా మీద సోడియం నక్షత్రం వెలిగించి, ఆ ఫలితాన్ని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. దేశపు డబ్బుతో సైన్యం అప్పటికే కనిపెట్టి దాచిన దాన్ని, దేశపు డబ్బుతోనే విశ్వవిద్యాలయాలు మళ్లీ మొదటినుంచి కనిపెట్టవలసి వచ్చిందన్నమాట.

ఈ విషయంలో తీర్పు ఒక వైపుకే చెప్పలేం. సైన్యం పూనుకోకపోతే బాబ్‌కాక్ వ్యాసం ఇంకో ఇరవై ఏళ్లు అల్మారాలోనే ఉండేది. నక్షత్రాల కోసం 168 బిందువుల అద్దానికి 1970లలో డబ్బిచ్చే ప్రభుత్వం ఎక్కడా లేదు. కానీ 1982 తర్వాతి తొమ్మిదేళ్ల మౌనానికి మూల్యం ఉంది. కొత్త తరం పెద్ద టెలిస్కోపులకు నమూనాలు గీస్తున్న కాలం అది. లోపలి సంగతి తెలిసినవాళ్లు కూడా సహోద్యోగులతో పెదవి విప్పలేకపోయారు. తెలిసీ చెప్పలేకపోయినవారిలో క్లెయిర్ మాక్స్ ఒకరు. రహస్యం తొలగించాలని పట్టుబట్టినవాళ్లలోనూ ఆమె ఉంది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న 1991 మే నెలలో సియాటిల్‌లో జరిగిన అమెరికా ఖగోళ సంఘం సమావేశంలో, రహస్య ముద్ర తొలగిన ఫలితాలను ఫ్యూగేట్ సభ ముందు పెట్టాడు. స్టార్‌ఫైర్ 1.5 మీటర్ల టెలిస్కోపుతో, లేజర్ నక్షత్రం సాయంతో తీసిన చిత్రాలు: దిద్దకముందు చెదిరిన వెలుగు ముద్ద, దిద్దాక సూదిమొన లాంటి చుక్క.

ఐరోపా ఈలోగా ఊరుకోలేదు. పియరీ లేనా, జెరార్డ్ రూసే, ఫ్రిట్జ్ మెర్క్లే ముందుండి నడిపిన కమ్-ఆన్ అనే యంత్రం 1989 అక్టోబర్‌లో ఫ్రాన్స్‌లోని హోట్-ప్రోవాన్స్ వేధశాలలో, కేవలం 19 బిందువుల అద్దంతో, నక్షత్రాలను తేటగా చూపించింది. మరుసటి ఏడాది చిలీలోని లా సిల్లాలో 3.6 మీటర్ల టెలిస్కోపుకు ఎక్కింది. వాళ్లు తెలివిగా పరారుణ కాంతిని ఎంచుకున్నారు. తరంగదైర్ఘ్యం పెరిగితే గాలి చేసే అల్లరి తగ్గుతుంది, కాబట్టి తక్కువ బిందువులతోనే పని జరుగుతుంది.

ఇక ఆ తర్వాత దక్కిన ఫలం. మన పాలపుంత నడిబొడ్డు ధనూరాశి దిక్కున, సుమారు 27,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ కృష్ణబిలం ఉందేమోనన్న అనుమానం పాతదే. రుజువు కావాలంటే దాని చుట్టూ తిరిగే నక్షత్రాలను ఒక్కొక్కటిగా, ఏళ్ల తరబడి గుర్తుపట్టాలి. ఆ చోట నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి, గాలి మసకలో అన్నీ కలిసి ఒకే మరకగా కనిపిస్తాయి. 1990లలో జర్మనీ నుంచి రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీలోని టెలిస్కోపులతో, లాస్ ఏంజెలెస్ నుంచి ఆండ్రియా గెజ్ బృందం హవాయిలోని 10 మీటర్ల కెక్‌తో అతి తక్కువ వ్యవధి ఫొటోలు వేలకొద్దీ తీసి, వాటిని పేర్చి లెక్కలు మొదలుపెట్టాయి. 1999లో కెక్‌కు, 2001లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకు అడాప్టివ్ ఆప్టిక్స్ వచ్చాక చూపు తేటపడింది. ఎస్2 అనే నక్షత్రం 2002లో ఆ అదృశ్య కేంద్రానికి 17 కాంతి గంటల దూరంలోంచి దూసుకెళ్లింది. సూర్యుడి నుంచి నెప్ట్యూన్‌కున్న దూరానికి అది నాలుగు రెట్లే. ఒక చుట్టుకు దానికి పట్టేది పదహారేళ్లు. 2018 మేలో మళ్లీ అదే చోటికి వచ్చినప్పుడు సెకనుకు 7,600 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంది. నలభై లక్షల సూర్యుల బరువు అంత ఇరుకు చోట ఉంటే తప్ప అది సాధ్యం కాదు. 2020లో గెంజెల్, గెజ్‌లకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రోజర్ పెన్‌రోజ్‌తో కలిపి పంచుకున్నారు.

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల ఫొటోలు సైతం ఈ అద్దాల చలవే. 2008లో హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం పక్కన గ్రహాల కుటుంబాన్ని కెక్, జెమినై టెలిస్కోపులు నేరుగా చూపించాయి.

సైన్యం తన దారిన తాను పెద్దదవుతూనే వచ్చింది. స్టార్‌ఫైర్‌లో 3.5 మీటర్ల టెలిస్కోపు, హలేయకలాలో 3.67 మీటర్ల ఎయోస్ వచ్చాయి. రెండింటి అద్దాలకూ 941 బిందువులున్నాయి. ఎయోస్ బరువు 75 టన్నులు. అయినా ఉపగ్రహం వెంట పరిగెత్తుతుంది. దాని గుమ్మటం చీలిక తెరుచుకునే రకం కాదు, గోడలతో సహా కిందికి దిగిపోతుంది. టెలిస్కోపుకు ఆకాశమంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది.

2003 జనవరి 28న ఈ కొండ మీది కేంద్రం కొలంబియా షటిల్‌ను ఫొటోలు తీసింది. లోపల ఏడుగురున్నారు, మన కల్పనా చావ్లా వారిలో ఒకరు. పన్నెండు రోజుల క్రితం ప్రయోగ సమయంలో విరిగిపడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. దెబ్బ ఎంతో తేల్చుకోవడానికి సైన్యం దగ్గరున్న సాధనాలతో రెక్క ఫొటోలు తీయించమని నాసా ఇంజనీర్లు అడిగారు. పైఅధికారులు ఆ ప్రయత్నాన్ని ఆపేశారు. మౌయి ఫొటోల్లో షటిల్, తెరిచిన సరుకు గది కనిపించాయి. రెక్క ముందంచుకు తగిలిన దెబ్బను అవి తేల్చలేకపోయాయి. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కొలంబియా ముక్కలైంది. పైఅధికారులు రెక్క ఫొటోలు తీయించకపోవడాన్ని విచారణ సంఘం తర్వాత తీవ్రంగా తప్పుపట్టింది. అడాప్టివ్ ఆప్టిక్స్ చరిత్రలో ఎన్నో చిత్రాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా బాధపెట్టేది తీయకుండా వదిలేసిన ఆ ఒక్క చిత్రం.

ఇప్పుడు చిలీలో ఆర్మజోనెస్ కొండ మీద ఐరోపా వాళ్లు కడుతున్న టెలిస్కోపు ప్రధాన అద్దం 39 మీటర్లు, 798 ముక్కలు. దాని లోపల వంగే అద్దం వెనక ఐదు వేలకు పైగా బిందువులుంటాయి. అమెరికాలోని మామూలు వేధశాలలు లేజర్ వెలిగించే ముందు సైన్యాన్ని సంప్రదిస్తాయి. పుంజం పొరపాటున ఏ ఉపగ్రహాన్నీ తాకకూడదు. విమానాలు అడ్డొస్తాయేమోనని చాలా ఏళ్లు మనుషులే చలిలో బయట కూర్చుని ఆకాశం కాపలా కాసేవారు.

మౌనా కేయా మీద తలపెట్టిన 30 మీటర్ల టెలిస్కోపులో భారత్ భాగస్వామి. దాని అద్దపు ముక్కలకు నునుపు పెట్టే కేంద్రాన్ని బెంగళూరు దగ్గర హోస్కోటెలో మన ఖగోళ భౌతిక సంస్థ ఏర్పాటు చేసింది. 2015లోనూ, 2019లోనూ స్థానిక హవాయీ ప్రజలు దారికి అడ్డంగా కూర్చుని నిర్మాణాన్ని ఆపారు. వాళ్ల పెద్దలు పోలీసు వ్యానులెక్కారు. హలేయకలా మీద 2023 జనవరిలో సైనిక కేంద్రం నుంచి దాదాపు 700 గ్యాలన్ల డీజిల్ ఒలికి నేలలో ఇంకింది. ఆ మట్టిని ఇంకా శుభ్రం చేస్తుండగానే, అదే శిఖరం మీద ఉపగ్రహాలను చూసే మరో ఏడు చిన్న టెలిస్కోపులు పెడతామని సైన్యం ప్రతిపాదించింది. బహిరంగ సభల్లో మౌయి వాసులు లేచి నిలబడి వద్దన్నారు. 1960లలో మొదటి గుమ్మటం లేచినప్పుడు వాళ్ల తాతలను ఎవరూ అడగలేదు.